ఖాళీ ప్లాటులో గుట్టపడిన మలబా: అధీకృత తరలింపు సేవ ఎలా ఉంది?

హైదరాబాద్‌లో భవన నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలను, అంటే వాడుకలో మలబాను, టన్నుల లెక్కన రుసుము తీసుకుని రీసైక్లింగ్ కేంద్రానికి చేరవేసే అధీకృత సేవ ఒకటి ఉన్నదన్న సంగతి సొంత స్థలాలున్నవారిలో కూడా చాలామందికి తెలియదు. నగరానికి తూర్పున, నాగోలు దాటాక వచ్చే కాలనీల్లో మా కుటుంబానికి ఉన్న 200 గజాల ఖాళీ ప్లాటులో ఎవరో రాత్రిపూట పోసి వెళ్లిన మలబాను తీయించడానికి మేము ఆ సేవను వాడుకున్నాము. మొత్తం మీద అనుభవం సంతృప్తికరంగా ఉంది. స్థలాన్ని శుభ్రం చేసేవారు ఊళ్లో ఎందరైనా దొరుకుతారు. తీసిన వ్యర్థం చివరికి ఎక్కడికి చేరిందో కాగితం మీద చూపించగలిగేవారు మాత్రం చాలా తక్కువ. నా దృష్టిలో మనం డబ్బు చెల్లించవలసింది ఆ కాగితానికే.

ముందుగా ఆ గుట్టలో ఏముందో చెప్పాలి, ఎందుకంటే ధర, సమయం, ఇబ్బంది అన్నీ దాని మీదే ఆధారపడతాయి. పాత ఇల్లు కూల్చే గుత్తేదారు ఇనుప చువ్వలను, టేకు దర్వాజాలను, కిటికీలను, పగలని ఇటుకలను ముందే వేరుచేసి అమ్ముకుంటాడు. చాలా సందర్భాల్లో ఆ సామాను విలువ చూసుకునే కూల్చివేత పని ఒప్పుకుంటాడు. కాబట్టి మన స్థలానికి వచ్చి పడేది ఎవరికీ పనికిరాదని తేలిన మిగులు మాత్రమే. మా ప్లాటులో సిమెంటు అంటుకుపోయిన బాత్‌రూమ్ టైల్స్ ముక్కలు, స్లాబు పెచ్చులు, ఫాల్స్ సీలింగ్ నుంచి ఊడదీసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలకలు, విరిగిన సిమెంటు రేకులు, ఖాళీ సిమెంటు సంచులు, పగిలిన కమోడ్, వీటన్నిటినీ కప్పుతూ పునాదుల్లో తవ్వి తీసిన ఎర్రమట్టి కనిపించాయి. కొద్దిరోజుల్లోనే చుట్టుపక్కల నుంచి వంటింటి చెత్త, తాగి పడేసిన కొబ్బరి బోండాలు, ఒక పాత పరుపు కూడా వచ్చి చేరాయి. ఖాళీ జాగాలో ఒక గుట్ట లేచిందంటే చాలు, ఇక అది ఊరుమ్మడి చెత్తకుండీ అయినట్టే.

ఈ గుట్ట బరువు ఎంత ఉంటుందో కంటితో చూసి చెప్పడం కష్టం, కానీ లెక్క వేయడం కష్టం కాదు. 200 గజాలంటే 1,800 చదరపు అడుగులు. దానిమీద సగటున ఒక అడుగు ఎత్తున వ్యర్థం పరుచుకుంటే 1,800 ఘనపుటడుగులు, అంటే టిప్పర్ల వాళ్ల లెక్కలో 18 యూనిట్లు. మెట్రిక్ కొలతలో అది సుమారు 51 ఘనపు మీటర్లు. ఇటుక, మట్టి, కాంక్రీటు కలిసిన వదులు వ్యర్థాన్ని ఘనపు మీటరుకు 1.3 టన్నులుగా తీసుకున్నా 65 టన్నులు దాటుతుంది. భవనాన్ని కూల్చితే చదరపు మీటరుకు 300 నుంచి 500 కిలోల వ్యర్థం వస్తుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ టైఫాక్ పాత అంచనా ఒకటి ఉంది. ఆ ప్రకారం అంతస్తుకు 100 చదరపు మీటర్ల చొప్పున ఉన్న రెండంతస్తుల ఇల్లు కూల్చితే 60 నుంచి 100 టన్నులు వస్తుంది. ఎక్కడో ఒక కుటుంబం పాత ఇంటిని తీసి అపార్ట్‌మెంటుకు ఇచ్చిందంటే, ఆ ఒక్క ఇల్లు మా వంటి ప్లాటును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అడుగు ఎత్తున కప్పేయడానికి సరిపోతుంది. ఈ అంచనా చేతిలో ఉంటే ధర మాట్లాడేటప్పుడు ఎవరూ మనల్ని తికమక పెట్టలేరు.

అధీకృత సేవ కంటే ముందు కాలనీలో అందరూ పిలిచే ప్రైవేటు టిప్పర్ల యజమాని ఒకరిని ధర అడిగాము. ఆయన చెప్పిన మొత్తం తక్కువగానే ఉంది, మరునాడే పని మొదలుపెడతానని కూడా అన్నారు. ఇక్కడి నుంచి తీసినది ఎక్కడ పోస్తారని అడిగినప్పుడు మాత్రం, "అది మీకెందుకు సార్, మీ జాగా సాఫ్ అయితే సరిపోతది గదా" అన్నారు. ఆ మాటలో దాపరికం ఏమీ లేదు. ఈ వ్యాపారం నడిచే తీరే అది. ఇల్లు కూల్చేవారి దగ్గర తీసుకెళ్లడానికి డబ్బు తీసుకుంటారు. లోతట్టు ప్లాటు ఉన్నవారు దొరికితే నింపడానికి వారి దగ్గర కూడా తీసుకుంటారు. ఎవరూ దొరకకపోతే కాపలా లేని ప్లాటో, చెరువు శిఖమో, మూసీ ఒడ్డో చూసుకుంటారు. రీసైక్లింగ్ కేంద్రం దాకా వెళ్తే డీజిలు ఖర్చవుతుంది, గేటు దగ్గర రుసుము కట్టాలి, ఒక ట్రిప్పు పట్టే సమయం పెరుగుతుంది. మన ప్లాటులో పోయడం వెనుక ఎవరికీ మన మీద కక్ష ఉండదు. ఆ దూరాన్నీ ఆ రుసుమునూ మిగుల్చుకోవడమే వాళ్ల లెక్క. తక్కువ ధరకు ఒప్పుకున్న టిప్పర్‌కు మేము డబ్బు ఇచ్చి పంపితే మా మలబా ఇంకొకరి స్థలంలో తెల్లవారేది. మాకు జరిగిన నష్టాన్ని డబ్బిచ్చి మరీ మరొకరికి అంటగట్టడం మాకు ఇష్టం లేకపోయింది.

ఇక సేవ విషయానికి వస్తే, ఫోన్‌లో వివరాలు చెప్పి, స్థలం లొకేషన్‌ను, నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలను పంపిన తర్వాత వారు పరిమాణాన్ని అంచనా వేసి చెప్పిన అంకె మా లెక్కకు దగ్గరగానే ఉంది. ధర యూనిట్ల మీద కాకుండా టన్నుల మీద ఉండడం వినియోగదారుకు మేలు, ఎందుకంటే యూనిట్ల లెక్కలో ట్రాలీని ఎంత నింపారన్నది కంటి అంచనా మీద నడుస్తుంది, బండిని తూచే కాటా దగ్గర ఆ వెసులుబాటు ఉండదు. లోడింగ్ బాధ్యత ఎవరిదో ముందే స్పష్టంగా అడిగి తెలుసుకోవడం అవసరం. మా విషయంలో జేసీబీని మేమే గంటల లెక్కన పెట్టుకున్నాము. చూసుకోకపోతే ఆ ఖర్చు తరలింపు ఖర్చుతో పోటీ పడుతుంది, ఎందుకంటే టిప్పర్ రావడం ఆలస్యమైన ప్రతి గంటకూ జేసీబీ మీటరు తిరుగుతూనే ఉంటుంది. పగటిపూట నగర రహదారుల మీద భారీ వాహనాలకు ఆంక్షలు ఉంటాయి కనుక, టిప్పర్ ఏ సమయానికి రాగలదో ఖాయం చేసుకున్న తర్వాతే జేసీబీని పిలవాలి.

డ్రైవర్లు మర్యాదగా ప్రవర్తించారు, టిప్పర్ల మీద టార్పాలిన్ కప్పి తీసుకెళ్లారు, కాలనీ రోడ్డు మీద రాలిన ముక్కలను వెళ్లేముందు ఊడ్పించారు. పక్కింటి పెద్దావిడ దుమ్ము గురించి చెప్పగానే గుట్ట మీద నీళ్లు చల్లడానికి ఆగారు. ఇవి చిన్న విషయాలుగా కనిపించవచ్చు, కానీ నివాసాల మధ్య ఈ పని చేసేటప్పుడు ఇరుగుపొరుగుతో సంబంధం చెడకుండా ఉండేది వీటివల్లే. సిమెంటు రేకులను మాత్రం జేసీబీ తొట్టితో తొక్కించవద్దని మేమే పట్టుబట్టాము. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, అవి పగిలినప్పుడు లేచే సన్నని నారలు ఊపిరితిత్తులకు హానికరం. వాటిని తడిపి, మాస్కులు పెట్టుకుని, ముక్కలు చేయకుండా చేతులతో ఎత్తి వేరుగా పెట్టించాలి. ఈ జాగ్రత్తను బుకింగ్ సమయంలోనే సేవ అందించేవారు అడిగి నమోదు చేసుకుంటే ఇంకా బాగుండేది.

ఇక అసలు విషయం కాటా చీటీ. బండిని తూచినప్పుడు ఇచ్చే, అరచేతిలో పట్టేంత కాగితం అది. పైన వాహనం నంబరు, తేదీ, సమయం. కింద లోడుతో ఉన్న బరువు, ఖాళీ బండి బరువు, రెండింటి తేడాగా వచ్చిన నికర బరువు. వాహనం నంబరు మన స్థలంలో లోడైన బండిదేనా, సమయం బయలుదేరిన వేళకు సరిపోతోందా, ఖాళీ బండి బరువు ఒకే బండికి ఒక్కో చీటీలో ఒక్కోలా ఉందా అన్న మూడు సంగతులు చూసుకుంటే చాలు. మా చీటీలన్నీ ఈ పరీక్షలో నిలిచాయి. మొత్తం బరువు అంచనా కంటే కొంచెం ఎక్కువే వచ్చింది, దానికి కారణం మధ్యలో కురిసిన వాన. తడిసిన మట్టి బరువు తూగుతుంది, టన్ను లెక్కన చెల్లించేవారు ఆ నీటికి కూడా చెల్లిస్తారు. వీలైనంతవరకు ఎండాకాలంలో గానీ, వాన తెరిపి ఇచ్చి గుట్ట ఆరిన తర్వాత గానీ ఈ పని పెట్టుకోవడం మంచిది.

నగరంలోని రీసైక్లింగ్ కేంద్రాల విషయానికి వస్తే, జీడిమెట్లలో 2020 నవంబరులో ప్రారంభమైనది రోజుకు 500 టన్నుల సామర్థ్యంతో ఏర్పాటైంది. తర్వాత తూర్పు వైపున ఫతుల్లాగూడలో మరొకటి వచ్చింది. మన దేశంలో ఇటువంటి మొదటి కేంద్రం 2009లో ఢిల్లీలోని బురారీలో మొదలైందని గుర్తుచేసుకుంటే హైదరాబాద్ కొంత ఆలస్యంగానే మేలుకున్నదని చెప్పాలి. ఈ కేంద్రాల్లో వ్యర్థాన్ని తూచి, ప్లాస్టిక్‌ను, కర్రను ఏరివేసి, అయస్కాంతంతో ఇనుమును లాగి, మిగిలినదాన్ని క్రషర్‌లో పగలగొట్టి, కడిగి, కంకరగా, ఇసుకగా జల్లెడ పడతారు. వాటితో ఫుట్‌పాత్‌లకు వేసే పేవర్ బ్లాకులు, రోడ్డు అంచుల్లో పెట్టే కర్బ్ రాళ్లు తయారవుతాయి. కంకర నాణ్యతకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 383, 2016 నాటి సవరణలో, పాత కాంక్రీటు నుంచి తీసిన కంకరను మామూలు కాంక్రీటులో 25 శాతం వరకు, బలంలో ఎం25 గ్రేడు దాటని ఇనుప చువ్వల కాంక్రీటులో 20 శాతం వరకు, బెడ్ కోసం వేసే లీన్ కాంక్రీటులో పూర్తిగా వాడుకోవచ్చని అనుమతించింది. ఇల్లు కట్టుకునేవారు మేస్త్రీతో, ఇంజనీరుతో ఈ మాట ఎత్తితే చాలామంది అనుమానంగా చూస్తారు. ప్రమాణం ఉన్న సంగతి వారికి చెప్పండి.

ఈ సేవలో నాకు నచ్చనిది దాని స్వభావంలోనే ఉంది. మలబా పోసినవాడు ఒక్క రూపాయి కట్టడు. తన స్థలంలో పోయించుకున్నవాడు తీయించడానికి టన్నుకు ఇంత అని కడతాడు. 2016 మార్చిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ జారీచేసిన నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నియమాలు బాధ్యతను స్పష్టంగా వ్యర్థాన్ని పుట్టించినవారి మీదే పెట్టాయి. రోజుకు 20 టన్నులు గానీ, ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు గానీ దాటేవారు కాంక్రీటు, మట్టి, ఇనుము, కర్ర, ప్లాస్టిక్, ఇటుకల వంటివాటిని వేరుచేసి, ముందుగా ప్రణాళిక సమర్పించి అనుమతి పొందాలని అవి చెప్పాయి. వాటి స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా 2025లో తెచ్చిన కొత్త నియమాలు 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాల మీద రీసైక్లింగ్ లక్ష్యాలను పెట్టాయి. పెద్ద ప్రాజెక్టులను పట్టుకోవడం మంచిదే. కానీ మా ప్లాటులో పడినది మాల్ శిథిలం కాదు, ఒక మామూలు ఇంటి బాత్‌రూమ్ గోడ. అటువంటి చిన్న కూల్చివేతలు ఆ లక్ష్యాల పరిధిలోకి రావు. పాత ఇంటిని తీసి కొత్తది కట్టుకునే ప్రతివారూ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడిగేటప్పుడు ఇదే కాటా చీటీలను జతచేయాలని ఒక్క షరతు పెడితే, ఈ బరువు సరైన జేబు మీద పడుతుంది. చీటీ ముద్రించే ఏర్పాటు ఇప్పటికే ఉంది కనుక దీనికి కొత్తగా పెట్టవలసిన ఖర్చు కూడా ఏమీ లేదు.

తీయించే ముందు ఫిర్యాదు చేయాలా అని చాలామంది అడుగుతారు. తప్పకుండా చేయాలి, అదీ జేసీబీ రాకముందే. తేదీ, స్థలం పడేలా ఫొటోలు తీసి, పత్రాల నకళ్లు జతచేసి, స్థానిక పురపాలక కార్యాలయంలోనూ పోలీస్ స్టేషన్‌లోనూ లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. అనుమతి లేకుండా స్థలంలో ప్రవేశించడానికి, ఆస్తికి నష్టం కలిగించడానికి భారతీయ న్యాయ సంహితలో 329, 324 సెక్షన్లు ఉన్నాయి. పోసింది చెరువులోనో నాలాలోనో అయితే చెరువులను, ప్రభుత్వ ఆస్తులను కాపాడడానికి 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా సంస్థ కూడా పట్టించుకుంటుంది. నిందితుడు దొరుకుతాడన్న గట్టి నమ్మకం పెట్టుకోనవసరం లేదు, వాహనం నంబరు లేనప్పుడు ఎవరైనా చేయగలిగింది కొద్దే. అయినా ఆ రసీదుకు విలువ ఉంది. ఆ వ్యర్థం మీరు తెచ్చి పోసుకున్నది కాదని, దుర్వాసన గురించి పొరుగువారు మీ మీదే ఫిర్యాదు చేసినా, కార్యాలయం నుంచి మీకే నోటీసు వచ్చినా, చూపించడానికి అదొక్కటే ఆధారం.

మలబాను తీయించకుండా అక్కడే చదును చేసేయమని, ప్లాటు మెరక అవుతుందని సలహా ఇచ్చేవారు ప్రతి కాలనీలోనూ ఉంటారు. మా దగ్గరి బంధువులు కూడా అదే చెప్పారు. ఖర్చు చూసి ఆ మాట ఆకర్షణీయంగా అనిపిస్తుంది గానీ, దాన్ని అంగీకరించకూడదు. మొరంతో నింపి పొరలు పొరలుగా రోలర్ తిప్పిన మెరక వేరు, స్లాబు పెచ్చుల మధ్య ఖాళీలు మిగిలిపోయిన ఈ మెరక వేరు. కర్ర ముక్కలు కుళ్లి చెదలు పడతాయి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలకలు నీటికి మెత్తబడతాయి, ఒక వానాకాలం గడిచేసరికి నేల అక్కడక్కడ కుంగుతుంది. రేపు ఇల్లు కట్టేటప్పుడు ఇంజనీరు పునాదిని అసలు గట్టినేల దాకా దించమంటాడు, అప్పుడు అదే మలబాను గుంటల్లోంచి తవ్వి తీయడానికి ఇప్పటికంటే ఎక్కువే చెల్లిస్తారు. పైగా ఒక ప్లాటు ఎత్తు పెరిగితే వాననీరు పక్క ప్లాటులోకి మళ్లి కొత్త తగాదా మొదలవుతుంది.

పని రోజున యజమాని గానీ, నమ్మకమైన మనిషి గానీ స్థలంలో ఉండడం చాలా ముఖ్యం. మలబా కింద హద్దురాళ్లు పూడిపోయి ఉంటాయి, జేసీబీ ఆపరేటరుకు హద్దురాయికీ కాంక్రీటు ముక్కకూ తేడా తెలియదు. ముందురోజే టేపు పెట్టి కొలిచి, మూలల్లో కర్రలు పాతి, వాటి చుట్టూ రెండేసి అడుగుల మేర పారలతో తీయించాలి. మేము అలా చేయించినప్పుడు ఈశాన్యం మూల రాయి చెక్కుచెదరకుండా బయటపడింది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడ ప్లాట్లు కొనుక్కున్న మనవాళ్లు ఎందరో ఉన్నారు. వారు ఇటువంటి పనిని ఫోన్ మీద చేయించేటప్పుడు, తీసే ముందు, తీసిన తర్వాత వీడియోలతో పాటు ప్రతి లోడు కాటా చీటీని వాట్సాప్‌లో పంపాలని ముందే షరతు పెట్టుకుని, చెల్లింపును ఆ చీటీలకు ముడిపెట్టాలి. ఏడాదికి ఒక్కసారి బంధువులు వెళ్లి చూసి రావడం ఇప్పటి పరిస్థితిలో సరిపోదు. పక్కనే నివసించే ఒక కుటుంబంతో పరిచయం పెంచుకుని ఫోన్ నంబరు ఇచ్చి ఉంచితే, మొదటి ట్రాక్టర్ పోసిన తెల్లవారే కబురు అందుతుంది, గుట్ట పెరగకముందే దాన్ని తీయించవచ్చు.

తరలింపు పూర్తికాగానే కంచె వేయడం కూడా ఇదే పనిలో భాగంగా లెక్కపెట్టుకోవాలి, ఎందుకంటే శుభ్రంగా కనిపించే ప్లాటు కూడా టిప్పర్‌ను ఆహ్వానిస్తుంది. టిప్పర్ వెనక్కి వచ్చి తొట్టి ఎత్తడానికి రోడ్డు వైపు అడ్డులేని జాగా కావాలి, అది లేకపోతే చాలావరకు ఇంకో చోటు చూసుకుంటుంది. నాలుగు వైపులా గోడ కట్టే స్తోమత లేనివారు ముందుగా రోడ్డు వైపు రాతి కడీలు పాతి ముళ్లతీగ లాగించినా సగం పని అవుతుంది. మేము ముందు భాగానికి ప్రీకాస్ట్ గోడ నిలబెట్టి, మనిషి వెళ్లేంత చిన్న గేటు మాత్రమే పెట్టించాము. ఇల్లు కట్టే రోజు వచ్చినప్పుడు రెండు పలకలు తీస్తే లారీకి దారి వస్తుంది. యజమాని పేరు, ఫోన్ నంబరు, చెత్త వేయరాదన్న హెచ్చరిక రాసిన బోర్డును వీధి దీపం వెలుగు పడే చోట బిగించాము. కాటా చీటీలను, ఫిర్యాదు రసీదులను ప్లాటు రిజిస్ట్రేషన్ పత్రాల ఫైలులోనే ఉంచాము. థర్మల్ కాగితం మీది అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి కాబట్టి వాటిని జిరాక్స్ తీయించి, ఆ నకళ్లనే ఫైలులో పెట్టుకోవాలి.